ఏడో నంబరు దూడ

పదకొండేళ్లుగా ఈ మాట నా గొంతు దాటలేదు. ఇంట్లోవాళ్లకూ చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను పశువైద్యంలో పీజీ చదువుతున్నాను. పుట్టిన రోజే తల్లి నుంచి వేరుచేసిన దూడలు బెంగతో అరుస్తాయి, చిక్కిపోతాయి. పాల ప్రోటీను నుంచి తీసిన పెప్టైడ్ పొడిని పాలలో కలిపి పడితే ఆ బెంగ తగ్గుతుందా అన్నది నా పరిశోధన. పాకాల దగ్గర ఒక ప్రైవేటు డెయిరీవాళ్లు పన్నెండు దూడలను ఇచ్చారు. సగం దూడలకు పొడి కలిపిన పాలు, సగానికి వట్టి పాలు. గంటకెన్నిసార్లు అరిచాయో రాసుకోవడం నా పని. పాలు పట్టడం మునెమ్మ పని. యాభై దాటిన మనిషి. ప్రతి దూడ మూతినీ కొంగుతో తుడిచేది.

ఏడో నంబరు దూడకు పొడి పడుతున్నాం. రెండో రోజు మధ్యాహ్నానికి అది అరవడం మానేసింది. సంతోషంగా 'ప్రశాంతం' అని రాసుకున్నాను.

మునెమ్మ దాని చెవులు పట్టుకుని చూసింది.

"సల్లగా ఉండాయి మేడమ్మా. ఇది నిమ్మళం కాదు. అరిసేదానికి సత్తవ లేదు. ఒక్క పూట తల్లి కాడ ఇడుస్తాను."

"ఇప్పుడు తల్లితో కలిపితే నా పనంతా పోతుంది. మందు పనిచేస్తోంది మునెమ్మా."

"సదువుకున్నదానివి, నీకు తెలీదా," అని బకెట్టు ఎత్తుకుని పోయింది.

తెలియదా నాకు? ధర్మామీటరు సంచిలోనే ఉంది. తీయలేదు. తీస్తే ఒళ్లు చల్లబడిందని తేలుతుంది, తేలితే వైద్యం చేయాలి, వైద్యం చేస్తే ఆ దూడను లెక్కలోంచి తీసేయాలి. ఇదంతా అప్పుడే ఆలోచించానా, లేక నన్ను నేను తిట్టుకోవడానికి తర్వాత అల్లుకున్నానా? అప్పుడే ఆలోచించాను.

మర్నాడు పొద్దునకు దూడ చచ్చిపోయింది. మేనేజరు కారణం అడిగాడు. పుట్టిన రోజు జున్నుపాలు సరిగ్గా పట్టినట్టు లేదన్నాను. మునెమ్మ పక్కనే ఉంది. నా ముఖంలోకి చూసింది. ఆ రోజే ఆమెను పనిలోంచి తీసేశారు.

దూడ చావును ఆమె చేసిన తప్పుగా రాసి, అది నోరు మూసుకున్న గంటలను మాత్రం మందు గొప్పతనంగా రాశాను. డిగ్రీ వచ్చింది. ఉద్యోగం వచ్చింది.

నిరుడు నేను పనిచేసే పల్లె ఆసుపత్రికి ఆమె ఒక మేకపిల్లను ఎత్తుకుని వచ్చింది. నన్ను గుర్తుపట్టింది. "బాగుండావా మేడమ్మా," అంది. బాగున్నానన్నాను. మేకపిల్లకు సూది వేశాను. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది, వెనక ఇంకో రైతు నిలబడి ఉన్నాడని మింగేశాను. నిజంగా ఆ రైతే అడ్డమా?

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. కానీ ఒక్కసారైనా ఈ మాట నా చేత్తో రాయాలి.

పుట్టిన రోజు ఆ దూడకు మునెమ్మ రెండు పూటలా జున్నుపాలు పట్టింది. నేను పక్కనే నిలబడి చూశాను.