మ్యూజియంలో మా వీరగల్లు

మా చేని గట్టున ఒక వీరగల్లు ఉండేది. ఆవులమందను దొంగల నుంచి కాపాడబోయి చచ్చిపోయిన మనిషి బొమ్మ చెక్కిన రాయి అది. చేతిలో కత్తి, పక్కన రెండావులు. ఏటా తొలి వానకు నేల పదునెక్కగానే మా అవ్వ దానికి పసుపు పూసి, కాళ్ళ దగ్గర పిడికెడు వేరుశనగ విత్తనాలు పోసి మొక్కేది. ఆ విత్తనాలు తెచ్చి విత్తే గొర్రులో వేసేదాకా నాయన ఎద్దుల్ని కదిలించేవాడు కాదు.

కాలేజీలో నాలుగు ముక్కలు చదివేసరికి నేను పెద్ద పండితుణ్ణయిపోయాను. ఇంత పాత శిల్పం ఎండకూ మేకలకూ పాడైపోతోందని ఫోటో తీసి పురావస్తు అధికారులకు పంపాను. వాళ్ళు లారీతో వచ్చి తీసుకుపోయారు. పంపింది నేనని ఇంట్లో చెప్పలేదు. తర్వాత వరసగా వానలు ఎగ్గొట్టాయి. రాయి పోయినందుకేనంది అవ్వ. రాయి ఉన్నప్పుడూ ఎగ్గొట్టాయి, మా సీమకు అదేం కొత్త కాదు. అవ్వతో ఆ మాట అనే ధైర్యం నాకు లేకపోయింది.

రాయి హైదరాబాద్‌లో పేరుమోసిన మ్యూజియంలో ఉందని తెలిశాక అవ్వ పట్టుబట్టింది. నాయనా నేనూ తీసుకుపోయాం. పాలరాతి బొమ్మలు, రంగుల పటాలు, ఒక్కటీ చూడలేదామె. "మా సామి యాడుండాడప్పా?" అని కనిపించిన ప్రతివాళ్ళనీ అడిగింది.

చివరి గదిలో ఎత్తైన దిమ్మ మీద ఉన్నాడు. పసుపు ఆనవాలు లేకుండా కడిగేశారు. ఎంత అందంగా ఉన్నాడో! అలా అనిపించినందుకే సిగ్గేసింది.

అవ్వ చెప్పులు విడిచి నా చేతికిచ్చింది. కొంగుముడి విప్పి విత్తనాలు దిమ్మ ముందు పోసింది. "ఇక్కడ వేయకూడదు పెద్దమ్మా," అంటూ కాపలా మనిషి పరిగెత్తుకొచ్చాడు.

"ఒక్క నిమిషం సార్, శానా దూరం నుంచి వచ్చినాము," అని నాయన చేతులు జోడించాడు.

అవ్వ కళ్ళు మూసుకుంది. "సామీ, నా మనమడు సల్లగుండాల. నిన్ను ఈళ్ళకు పట్టిచ్చినోడు ఎవడో, వాని కొంప కూలిపోనీ. వాడు ఏసిన ఇత్తనం మొలవకుండా పోనీ."

నేను వంగి విత్తనాలు ఏరాను. కళ్ళు మసకబారి కొన్ని కనిపించలేదు.

తిరుగు బస్సులో చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. ఆమె నా భుజం మీద తల ఆనించి నిద్రపోయింది.

మరుసటేడు అవ్వ మంచాన పడింది. పక్కన కూర్చుంటే నా తల నిమిరేది. నిమురుతూనే, ఆ పట్టిచ్చినోణ్ణి తిట్టేది. "అది నేనే అవ్వా" అనలేకపోయాను. అనకముందే ఆమె పోయింది.