క్లిక్‌కీ తెరకీ మధ్య

మా అమ్మాయికి పదిహేనేళ్లు. మేముండే ఊరు కాపెల్‌లో వాళ్ల హైస్కూల్ గేమింగ్ టీమ్‌లో చోటు కోసం ఆ శనివారం ట్రయౌట్స్. మంగళవారం భోజనాల దగ్గర కంచంలో అన్నం కెలుకుతూ, "మౌస్ లేట్ నాన్నా. నేను క్లిక్ చేశాక కొంచెం ఆగి షూట్ అవుతుంది," అంది.

నా నోరు ఊరుకుంటుందా! "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది," అన్నాను. దానికి సామెత అర్థం కాలేదు. అడిగితే విడమరిచి మరీ చెప్పాను. పిల్లకి తెలుగు నేర్పుతున్నానని సంబరం కూడానూ.

గురువారం సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కోచ్‌కి మెయిల్ రాస్తోంది, ట్రయౌట్స్‌కి రానని. "నా హ్యాండ్సే స్లో నాన్నా. నువ్వు చెప్పింది కరెక్టే," అంది. కోపంగా అన్నా బాగుండేది. నిదానంగా, ఒప్పేసుకున్నట్టు అంది. నా మనసు చివుక్కుమంది.

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "ఆఫీసులో ముక్కూ మొహం తెలియనివాడు స్లో అంటే రెండ్రోజులు కూర్చుని వెతుకుతారు. ఇంట్లో పిల్ల చెప్తే సామెతలా?"

నిజమే. సాఫ్ట్‌వేర్ ఎక్కడ నెమ్మదించిందో కొలిచి పట్టుకోవడమే నా ఉద్యోగం. సిగ్గేసింది.

"మెయిల్ పంపకు తల్లీ, ఒక్క అరగంట ఆగు," అని ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి, దాని వేలూ తెరా రెండూ పడేలా వీడియో తీశాను. ఒక్కో ఫ్రేమూ జరుపుతూ ఇద్దరం లెక్కపెట్టాం. వేలు నొక్కింది. తెర మీద తుపాకీ ఉలకదు, పలకదు. ముప్పై ఫ్రేములు దాటాక గాని పేలలేదు.

వైరున్న మౌస్ పెట్టి చూశాను. అదే ఆలస్యం. ఇక మిగిలింది తెర. ఆ నిర్వాకం నాదే. హాల్లోకి పెద్ద టీవీ వచ్చినప్పుడు పాతది పారేయడానికి మనసొప్పక, "ఇంత టీవీ ఉండగా మళ్లీ మానిటర్ దండగ," అని పిల్ల కంప్యూటర్‌కి తగిలించాను. సినిమాలు నున్నగా కనిపించాలని అందులో ఉన్న హంగులన్నీ ఆన్ చేసిందీ నేనే. ఆ టీవీ ప్రతి ఫ్రేమునూ ఆపి, ముస్తాబు చేసి, ఆనక చూపిస్తోంది. ఈలోపు ఆటలో పిల్ల చచ్చిపోతోంది.

టీవీ సెట్టింగ్స్‌లో ఆ హంగులన్నీ ఆపేసే గేమ్ మోడ్ పెట్టి మళ్లీ వీడియో తీశాం. ఎనిమిదో ఫ్రేముకే పేలింది. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. లేదు. పాత వీడియో తీసి, తన వేలు దిగిన చోట ఆపి, అలాగే చూస్తూ కూర్చుంది.

"సో... నేను స్లో కాదా?"

"కాదమ్మా. తప్పు నాది. నువ్వు చెప్పిన రోజే వినాల్సింది."

కళ్లు తుడుచుకుని మెయిల్ డిలీట్ చేసింది. నా బంగారు తల్లిని దగ్గరికి తీసుకున్నాను.

శనివారం ట్రయౌట్స్‌కి నేనే తీసుకెళ్లాను. టీమ్‌లో చోటొచ్చింది. తిరిగొస్తుంటే కార్‌లో ఆనందం పట్టలేక ఒకటే కబుర్లు. నాకు మాత్రం ఒక మాట తొలుస్తూనే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగేశాను.

"మౌస్ లేటని నీకు తెలుస్తూనే ఉంది కదే. మరి నీ చేతులే స్లో అని ఎందుకనుకున్నావు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"నువ్వు అన్నావు కదా నాన్నా," అంది.