ఆఖరి భాగం క్యాసెట్టు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు గోవిందరావుకి టీవీలో వారం వారం వచ్చే హిందీ సీరియలంటే ప్రాణం. వీసీఆర్ కొనే స్తోమత లేదు గనక టీవీ ముందు టేప్‌రికార్డరు పెట్టి, ఖరిదా బజారులో కొన్న క్యాసెట్లలోకి మాటలు ఎక్కిస్తాడు. వాటికి అంకెలు వేసి బిస్కెట్ల డబ్బాలో వరసగా నిలబెడతాడు. ఎవరైనా ముట్టుకుంటే కస్సుమంటాడు. రికార్డింగు సాగినంతసేపూ ఇంట్లో గరిట మోగకూడదు, ఎవరూ దగ్గకూడదు. అతని కళ్లు తెర మీద ఉండవు, తిరిగే టేపు మీదే. హిందీ రాని తల్లి అప్పలనర్సమ్మ మాత్రం సరిగ్గా అసలైన చోటే, "ఏటంతన్నాడ్రా?" అంటుంది.

డ్యూటీలో ఉండి ఆఖరి భాగం చూడలేకపోయిన పక్క క్వార్టరు గణపతిరావు మర్నాడు పరుగున వచ్చాడు. హీరోకి ఉరో, విడుదలో తెలియక అతనికి పని మీద మనసు నిలవడం లేదట. గోవిందరావు గర్వంగా క్యాసెట్టు పెట్టాడు. జడ్జి గొంతు సవరించుకున్నాడు. "ఏటంతన్నా..." అని టేపులోంచి ముసలమ్మ గొంతు సన్నగా వినిపించింది. ఆ వెంటనే గోవిందరావు కేక: "నోర్మూసుకోవే అమ్మా! నీ మూలాన ఒక్క క్యాసెట్టయినా సరిగ్గా ఒచ్చినాదేటి?" కేక ముగిసేసరికి ముగింపు సంగీతం మొదలైంది. "అరె దాదా, ఇంతకీ ఉరేసినారా, ఒదిలీసినారా?" అన్నాడు గణపతిరావు. గోవిందరావు బిక్కమొహం వేశాడు. అరుపులో పడి తీర్పు తనూ వినలేదు. బియ్యంలో రాళ్లేరుతున్న అప్పలనర్సమ్మ తలెత్తకుండానే అంది: "ఒదిలీసినార్రా. నువ్వెప్పుడు సెప్పినావని? నేను ఆళ్ల మొకాలు సూసే తెలుసుకుంటాను."