గవర్నరు మర్యాద

గవర్నరు హోయిట్ రోజూ తెల్లవారగానే ఆఫీసుకొచ్చి పొయ్యి తనే రాజేసుకునేవాడు. యుద్ధంలో గుండు దిగిన ఎడమ కాలికి చలి గిట్టదు. కట్టెలు కొట్టేవాడి ఇంట పుట్టి, వకీలై, కల్నలై, రెండోసారి గవర్నరుగా గెలిచాడు గానీ పొగాకు నమిలే అలవాటూ, నోటి దురుసూ మాత్రం పోలేదు. క్షమాభిక్ష అడగడానికి వచ్చినవాళ్లను గుమ్మంలోనే దులిపేసేవాడు. "దొంగవెధవను కని, ఏడవడానికి నా దగ్గరికొచ్చావా?" అని అరిచాడంటే ఆ దొంగ వారంలో ఇల్లు చేరినట్టే. కాదనాల్సి వచ్చినప్పుడే ఆయనకు మర్యాద గుర్తొచ్చేది. ఆ సంగతి తలుపు దగ్గర కూర్చునే ముసలి బంట్రోతు ఈనస్‌కి ఒక్కడికే తెలుసు.

ఆ మంగళవారం కెజియా టాల్బర్ట్ అనే వితంతువు వచ్చింది. ఆమె కొడుక్కి శుక్రవారం ఉరి. గవర్నరు కుంటుతూ లేచి కుర్చీని పొయ్యి దగ్గరికి జరిపాడు. "కూర్చోండమ్మా. ఈ ఏడు మొక్కజొన్న ఎలా పండింది?" అంటూ కాఫీ తనే పోసిచ్చాడు. నోట్లో పొగాకు ఉమ్మేసి మరీ ఆమె చెప్పిందంతా విన్నాడు. తలుపు దగ్గర ఈనస్ తల దించుకున్నాడు.

ఆమె వెలిగిపోతున్న మొహంతో బయటికొచ్చింది. "కరుస్తాడని భయపెట్టారే అందరూ! ఎంత మంచివాడయ్యా! శుక్రవారం మావాణ్ణి తీసుకెళ్లడానికి కంచరగాడిద చాలుతుందా పెద్దాయనా, బండి తేవాలా?"

ఈనస్ ఆమె శాలువా అందించాడు. "బండే తెచ్చుకో తల్లీ."

శుక్రవారం ఆమె బండి తెచ్చింది. కొడుకు కూర్చోవడానికి అందులో మెత్తగా గడ్డి పరుచుకుని వచ్చింది.