చెంపకు ఆనించిన దూది

మా మేస్త్రమ్మ పోయింది. చిల్లకల్లు నుంచి మొదటి బస్సుకు వచ్చిన నా పాత నేస్తం, నందిగామలో మా గడప దగ్గర నిలబడి, "మేస్త్రమ్మ లేదే ఇంక" అంది. పొయ్యి ఆర్పేసి ఆమెతో జగ్గయ్యపేట బస్సెక్కాను.

పెళ్లయిన కొత్తలో నేనూ ఈ నేస్తమూ జగ్గయ్యపేటలో పత్తి మిల్లుకు పనికి వెళ్లేవాళ్లం. గింజ తీయకముందు పత్తిలోని ఆకూ చెత్తా ఏరే ఆడవాళ్లందరి మీదా మేస్త్రమ్మదే అజమాయిషీ. ఏరిన గంపలోంచి గుప్పెడు పత్తి తీసి, కళ్లు మూసుకుని చెంపకు ఆనించుకునేది. నలుసు గుచ్చుకుందో, గంప మళ్లీ మా ఒళ్లోకే. "ఏమే, ఇది పత్తా, గేదెల మేతా?" అనేది. ఎంత ఉడుక్కునేవాళ్లమో.

ఒక ఏడాది మా లోడు చెత్తగా ఉందని కొన్నవాళ్లు తిప్పి పంపారు. ఈ సీజనుతో మిల్లు మూసేస్తానన్నారు ఓనరుగారు. కంచికచర్ల మిల్లువాళ్లు కూలి ఎక్కువిస్తామని మేస్త్రమ్మకు కబురు పెట్టారు. ఆమె వెళ్లలేదు. నేరుగా ఓనరుగారి దగ్గరికే వెళ్లింది.

"ఎండలో కూచుంటే కళ్లు బైర్లు కమ్ముతున్నాయండి. నలుసేం కనపడుద్ది? మీరు రేకుల పంచ వేయించండి. నలుసు సంగతి మేం చూసుకుంటాం."

మా దగ్గరికొచ్చి మాత్రం గొంతు తగ్గించింది. "తిప్పి పంపింది మన చేతుల్నే. నాకైతే అన్నం సయించట్లేదే."

ఆయన పంచ వేయించారు. వెంట్రుక కూడా పడకూడదని మేం తలలకు తువ్వాళ్లు చుట్టుకున్నాం. తర్వాతి లోడు తిరిగి రాలేదు. కొన్నవాళ్లే ఇంకో లోడు అడిగారు. ఆ సంబరంలో ఓనరుగారు చుట్ట వెలిగించుకుని పంచలోకి రాబోతే మేస్త్రమ్మ అడ్డం నిలబడింది.

"అది ఆర్పేసి రండి బాబుగారూ. మిల్లు మీదే, పత్తి మాత్రం నాదండి."

ఆయన నవ్వుతూ ఆర్పేశారు. మిల్లు ఇప్పటికీ నడుస్తోంది. ఆమె తిట్లు మళ్లీ ఒక్కపూట వినాలని మాత్రం ప్రాణం కొట్టుకుపోతోంది.

మేం వెళ్లేసరికి ఆమెను వాళ్లింటి పంచలో పడుకోబెట్టి ఉంచారు. తల దగ్గర దీపానికి వత్తి చేయమని కోడలు మా చేతికి దూది ఇచ్చింది. ఎవరూ చెప్పకుండానే ఇద్దరం కూర్చుని అందులో నలుసులు ఏరడం మొదలుపెట్టాం. ఎప్పుడు కళ్లు మూసుకున్నానో, ఆ దూది చెంపకు ఆనించుకున్నాను. చెంప తడిగా ఉంది. దూది అంటుకుపోయింది. నలుసుందో లేదో తెలియలేదు.