పండుకున్న టెంకాయ

ఎగువపల్లె పుల్లన్న చేతిలో టెంకాయ నిలబడగా ఆయన కొడుకు హర్ష బుద్ధి తెలిసినప్పటి నుంచి చూడలేదు. ముదిగుబ్బ చుట్టుపక్కల బోరు పాయింట్లు పెట్టేవాళ్లకు కొదవలేదు. అరచేతిలో టెంకాయను అడ్డంగా పడుకోబెట్టి, పిలక ముందుకు చూసేలా సర్దుకుని, చేనంతా తిరుగుతారు. కింద నీళ్లున్న చోట అది దానంతట అదే లేచి నిలబడుతుందని ఆ సీమలో నమ్మకం. మిగతావాళ్ల చేతుల్లో ఎక్కడో ఒకచోట లేచేది. కొందరి చేతుల్లో అయితే రైతు ఇచ్చిన కాఫీ చల్లారకముందే లేచేది. పుల్లన్న మాత్రం పొద్దున మొదలుపెట్టి ఎండ నడినెత్తికొచ్చేదాకా గట్లూ గుట్టలూ ముళ్లకంపలూ తొక్కి, చివరికి తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు.

"పండుకునిందప్పా."

ఆ మాట చుట్టుపక్కల పల్లెల్లో నానుడైపోయింది. కరెంటు పోతే పండుకునిందనేవాళ్లు. బత్తలపల్లె బస్సు రాకపోతే పండుకునిందనేవాళ్లు. కుదిరిన పెళ్లి తప్పిపోతే, మగపెళ్లివారి గురించి ఒక్క మాట కూడా ఎత్తకుండా, పండుకునిందని ఊరుకునేవాళ్లు. ఇంత ఎగతాళి చేస్తూనే పుల్లన్నను పిలవడం మాత్రం ఎవరూ మానలేదు. ఎందుకు పిలుస్తారో హర్షకు ఎంత ఆలోచించినా అంతుపట్టేది కాదు.

పాయింటు పెట్టడానికి ఆ పక్క కొన్ని కట్టుబాట్లున్నాయి. నీళ్లు చూపించకపోతే కూలి అడగకూడదు. పడుకున్న టెంకాయను దేవుడికి కొట్టకూడదు. దాన్ని రైతు మళ్లీ ఇంట్లోకి తీసుకోకూడదు, పాయింటుకొచ్చినవాడే పట్టుకుపోవాలి. అందువల్ల పుల్లన్న సంపాదన అంతా టెంకాయలే. వానల్లేక ఊరంతా ఉత్త చారుతో సరిపెట్టుకునే రోజుల్లో కూడా ఆ ఇంట్లో టెంకాయ చట్నీకి లోటు లేదు. అన్నంలోకి చట్నీ, సంగటిలోకి చట్నీ, ఏమీ లేనప్పుడు చట్నీలోకి చట్నీ. ఆయన భార్య బయమ్మ రుబ్బి రుబ్బి, రోలు అరిగిపోతుందేమో గానీ ఆయన టెంకాయ మాత్రం లేవదని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది.

రెండువేల మూడు ఎండాకాలంలో హర్ష ఎమ్మెస్సీ ముగించుకుని, రేకు పెట్టెతో ఆ ఇంటికి తిరిగొచ్చాడు. చదివింది జియాలజీ. భూమి లోపల ఏముందో చెప్పే చదువు. హాస్టల్లో నాలుగు రకాల రాళ్లు కిటికీలో పెట్టుకుని వాటి పుట్టుక గురించి గంటలకొద్దీ మాట్లాడినవాడు, నాన్న ఏం చేస్తాడని అడిగితే మాత్రం సేద్యం అని ఊరుకునేవాడు. టెంకాయ సంగతి ఎన్నడూ పొక్కనివ్వలేదు. వచ్చిన రోజు బయమ్మ కొడుక్కి పీట వేసి, వేడన్నం పెట్టి, పక్కన గిన్నె ఉంచింది. మూత తియ్యకుండానే అందులో ఏముందో అతనికి తెలిసిపోయింది.

అతని గదిలో విత్తనం వేరుశనగ కాయల మూటలు పేర్చారు. వాన పడితే విత్తడానికి తీస్తామన్నారు. వాన పడలేదు కాబట్టి హర్ష వసారాలో పడుకున్నాడు. మొదట్లో వీధిలో కనిపించినవాళ్లందరూ సెలవులా అని అడిగారు. తర్వాత ఇంకా సెలవులేనా అన్నారు. ఆ తర్వాత అడగడం మానేసి, చూసి తల పంకించి వెళ్లిపోయేవాళ్లు. అడిగినప్పటికంటే అడగనప్పుడే అతనికి ఎక్కువ మండింది. అంత చదువూ చదివి, కన్నవాళ్ల తిండి తింటూ, తెల్లారితే వీధిలోకి రావడానికి భయపడే బతుకు పగవాడికి కూడా వద్దనిపించేది.

దీనికి తోడు పుల్లన్న, కొడుకు ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినా టెంకాయ తీసేవాడు. ధర్మవరంలో ఒక కాలేజీవాళ్లు లెక్చరర్ కావాలన్నారు. పుల్లన్న అరుగు మీద కూర్చుని, కళ్లు మూసుకుని, చెయ్యి చాపి, కాసేపటికి కళ్లు తెరిచి పండుకునిందన్నాడు. హర్ష పళ్లు కొరుక్కుంటూ వెళ్లాడు. తీరా పోతే వాళ్లకు కావలసింది కామర్సు చెప్పేవాడు. ఇంటికొచ్చేసరికి తల్లి చట్నీ రుబ్బుతోంది. ఆ రోజు అతను ఇక ఆపుకోలేకపోయాడు.

"నాయనా, నేను సదివిందే భూమి గురించి. నువ్వేమో ఆ టెంకాయ పట్టుకొని ఊర్లు తిరుగుతాండావు. నాకు తలెత్తుకొని నడిచేకి సిగ్గయితాంది."

పుల్లన్న కొడుకును తేరిపార చూశాడు. "దించుకొనే నడువప్పా. నీళ్లు కిందనే కదా ఉండేది."

ఇలాంటి మనిషితో పోట్లాడి ఎవరు గెలుస్తారు? హర్ష చెప్పులేసుకుని బయటికి నడిచాడు. ఎటు పోవాలో తెలియక కాసేపటికి తిరిగొచ్చి, అదే చట్నీతో అన్నం తిన్నాడు.

ఆ నెలలోనే ధర్మవరం బదరీనారాయణ కబురు పెట్టాడు. ఆయనకు ఎరువుల అంగడి ఉంది. తమిళనాడు నుంచి తెప్పించిన బోరు బండ్లు ఉన్నాయి. పోటీ ఎక్కువై బండ్లు ఖాళీగా నిలబడుతున్నాయట. చదువుకున్న పిల్లోడు భూమిలో నీళ్లు పసిగట్టే మీటరు పెట్టి పాయింటు చూపిస్తే రైతులు నమ్ముతారని ఆయన ఎత్తుగడ. బండి తలుపు మీద 'ఎమ్మెస్సీ జియాలజీ' అని ఎర్ర రంగుతో రాయించడానికి పెయింటర్ని కూడా మాట్లాడిపెట్టాడు. ముందు ఒక్క చేను చూడమన్నాడు. అక్కడ బోరు దిగితే నెల జీతం మీద ఖాయంగా పెట్టుకుంటానన్నాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు, వ్యాపారం తెలిసినవాడు, అంతే.

"చూడప్పా, నీ మిషను ఏమన్నా చెప్పనీ, నువ్వు మాత్రం ఉండాదనే చెప్పు," అన్నాడు. "నీళ్లు పడేది దేవుని పని. బండి తిరిగేది మన పని."

హర్షకు ఆ మాట మింగుడుపడలేదు. అయినా మింగేశాడు. వసారాలో పడుకుని కప్పు దూలాలు లెక్కపెట్టే బతుకు నుంచి బయటపడాలంటే అంతకుమించి దారి కనిపించలేదు. సంగతి తెలిసి పుల్లన్న యథాప్రకారం టెంకాయ తీశాడు. ఏం చెబుతాడో వినడానికి హర్ష అక్కడ నిలబడలేదు.

ఆ ఒక్క చేను రామప్పది. పక్క ఊరే. వేరుశనగ వరుసగా ఎండిపోతుంటే తట్టుకోలేక, ఈసారి ఎద్దుల జత అమ్మేసి అయినా బోరు వేయాలని రామప్ప పట్టు పట్టాడు. సంతకు తోలుకుపోవడానికి ఎద్దులకు మొహాలు కూడా కడిగి ఉంచాడు. హర్ష మీటరుతో చేనులోకి దిగేసరికి, అవతలి గట్టు మీద పుల్లన్న టెంకాయతో నిలబడి ఉన్నాడు. రామప్ప భార్య హనుమక్క పొద్దున్నే పోయి పిలుచుకొచ్చిందట. తండ్రీ కొడుకులు ఒకే చేనులో పాయింటు పెడుతున్నారని తెలిసి ఊరు ఊరంతా గట్ల మీదికి చేరింది. ఆ సీమలో వాన కోసం కాక మనుషులు అంతమంది చేరి చాలాకాలమైంది.

హర్ష నేలలోకి ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, వైర్లు కలిపి, ముల్లు కదలికలు చూసుకుంటూ చేను ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లాడు. ఎక్కడ చూసినా ఒకటే కథ. పైన గరుసు మట్టి, కింద గట్టి రాయి. నీళ్ల ఊసు లేదు. బదరీనారాయణ గొడుగు కింద నిలబడి మెల్లగా దగ్గాడు. హర్షకు ఆ దగ్గు అర్థమైంది.

సరిగ్గా అప్పుడే పుల్లన్న అతని పక్కనుంచి నడిచాడు. చిన్నప్పటి నుంచి తండ్రి టెంకాయ పట్టగానే ఎక్కడో దాక్కునే కొడుకు, అంత దగ్గర నుంచి చూడడం అదే మొదలు. చేను అంచున ఎండిపోయిన వంక దగ్గరికి వచ్చేసరికి టెంకాయ పిలక కదిలింది. కొంచెం పైకి లేచింది. లేస్తూ ఉండగానే పుల్లన్న బొటనవేలు దాని మీదికి వచ్చి, ఏడ్చే బిడ్డను జో కొట్టినట్టు నొక్కి పడుకోబెట్టింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. తువ్వాలు తీసుకుని తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

హర్షకు ఒళ్లు భగ్గుమంది. ఇన్నేళ్లు ఊరు నవ్వింది, ఇంట్లో కూలి లేదు, తను చట్నీ తిని పెరిగాడు, అంతా ఈ వేలి వల్లా? ఇప్పుడు తన ఉద్యోగం మీద కూడా ఇదే వేలు. అందరి ముందూ బయటపెట్టేద్దామని రెండడుగులు వేశాడు. హనుమక్క చెంబుతో నీళ్లు పట్టుకుని అడ్డం వచ్చింది. అతని మొహం చూసి ఆమెకు విషయం తెలిసిపోయినట్టుంది.

"తాగప్పా, తాగినంక మాట్లాడుదువు," అంది మెల్లగా. "మేము మీ నాయనను పిల్చుకొచ్చేది నీళ్ల కోసరమా? ఆడోళ్లకందరికీ తెలుసు. మొగోడు బోరు అని మొండికి పడితే పెండ్లాము మాట ఇంటాడా? టెంకాయ మాటయితే ఇంటాడు. ఆయప్పకు ఒకసారి నిల్చుకునింది, ఈరప్ప చేనులో. నువ్వు అప్పుడు ఉయ్యాల్లో ఉంటివి."

ఈరప్ప ఇల్లు హర్షకు తెలుసు. పుల్లన్న ఇంటికి ఎదురుగా, తుప్పు పట్టిన తాళంతో ఉండేది. పుల్లన్న చెప్పిన చోట బోరు వేస్తే దుమ్ము వచ్చిందట. ఈరప్ప పంతానికి పోయి ఇంకో చోట, మరో చోట వేశాడట. చేను పోయి, ఇప్పుడు కుటుంబమంతా బెంగళూరులో ఎవరో కట్టే ఇళ్లకు ఇసుక మోస్తోందట. ఈరప్ప పుల్లన్నను ఒక్క మాట కూడా అనకుండా ఊరు విడిచాడని హనుమక్క చెప్పింది. తిట్టి ఉంటే పుల్లన్న కొంచెం తేలికపడేవాడేమో. అప్పటినుంచి టెంకాయ పండుకుంటూనే ఉందని చెప్పి ఆమె చెంబు వెనక్కి తీసుకుంది.

రామప్ప అప్పటికే హర్ష దగ్గరికి వచ్చేశాడు. "నువ్వు సదివినోడివి. మీ నాయన సంగతి ఇడిసిపెట్టు, ఆయన ఎప్పుడూ అదే చెప్తాడు. నీ మిషను చెప్పిందే మాట. ఉండాదా, లేదా?"

బదరీనారాయణ ఈసారి గట్టిగా దగ్గాడు. హర్ష ఆ దగ్గు వైపు చూశాడు, మొహం కడిగిన ఎద్దుల వైపు చూశాడు, తువ్వాలు వెనక దాక్కున్న తండ్రి వైపు చూశాడు. వసారా, రేకు పెట్టె, వీధిలో తల పంకించే మనుషులు అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. ఏడుపొచ్చింది కూడా.

"పండుకునిందన్నా," అన్నాడు.

"మిషనా?"

"మిషనే."

గట్ల మీద నవ్వులు మొదలై చాలాసేపు ఆగలేదు. చదువూ టెంకాయా ఒక్కటే మాట చెప్పాక రామప్పకు అనుమానం లేకపోయింది. తిట్టుకుంటూ పోయి ఎద్దులను మళ్లీ గాట్లో కట్టేశాడు. బదరీనారాయణ కోపం చేసుకోలేదు. మీటరు జీపులో పెట్టించుకుని, ఇంత వంశపారంపర్యం ఉంటుందనుకోలేదని చెప్పి వెళ్లిపోయాడు. తలుపు మీద ఎర్ర రంగుతో రాయించే పని తప్పిపోయింది.

ఇద్దరూ ఇంటికి నడిచారు. సగం దారిలో పుల్లన్నే మొదలుపెట్టాడు.

"నీళ్లు నిజంగానే లేవా? నాకయితే ఆ వంక కాడ లేసినట్లుండె."

"నిజంగానే లేవు నాయనా. కింద రాయి."

"అట్లయితే నేను నొక్కింది మేలే అయ్యింది," అని, తన నోటి నుంచి వచ్చిన మాట తనకే వినపడి నాలుక కరుచుకున్నాడు. హర్ష విననట్టు ముందుకు నడిచాడు. ఆ పూట అన్నంలోకి చట్నీ ఇంకొంచెం వెయ్యమని అడిగాడు. బయమ్మ, కొడుక్కి ఒంట్లో బాగాలేదేమోనని నుదురు తాకి చూసింది.

ఉద్యోగం లేని రోజులు అలాగే సాగాయి. వాన పడలేదు, మూటలు కదల్లేదు. వీధిలో మనుషులు మళ్లీ అడగడం మొదలుపెట్టారు, కానీ ఇప్పుడు మొగుళ్లు కాదు, పెళ్లాలు అడిగేవాళ్లు. మీ మిషను ఎప్పుడైనా దొరుకుతుందా, మా ఆయన కూడా బోరు మాట ఎత్తుతున్నాడని. సంక్రాంతి దాటాక బళ్లారి పక్క గనుల్లో జియాలజీ చదివినవాళ్లను తీసుకుంటున్నారని తెలిసి హర్ష దరఖాస్తు పెట్టాడు. రమ్మని కబురొచ్చింది. పెట్టె సర్దుతుంటే బయమ్మ టెంకాయ పెట్టి చూడమంది. పుల్లన్న వద్దన్నాడు. ఆయన గొంతులో ఎన్నడూ లేని భయం వినిపించింది. ఈసారి హర్షే టెంకాయ తెచ్చి తండ్రి అరచేతిలో పెట్టాడు.

పుల్లన్న కళ్లు మూసుకున్నాడు. పిలక కదిలింది, లేవబోయింది. బొటనవేలు వచ్చి నొక్కేసింది. ఆయన కళ్లు తెరిచి, వేలిని తిట్టి, మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే జరిగింది.

"ఉండప్పా," అన్నాడు సిగ్గుపడుతూ. "ఈ ముండ వేలికి అలవాటు పోలే."

హర్ష తండ్రి ఎదుట గొంతుక్కూర్చుని, ఆ బొటనవేలిని తన రెండు వేళ్లతో పట్టుకుని పక్కకు తీశాడు. టెంకాయ మెల్లగా లేచి నిలబడింది. దాన్ని లేపింది దేవుడో, నాయనో, తనో అతనికి తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. పుల్లన్న మాత్రం చెయ్యి దించకుండా, పెళ్లాన్ని చూడమని పిలుస్తూ అలాగే కూర్చున్నాడు.

నిలబడిన టెంకాయను ఏం చెయ్యాలో బయమ్మకు కాసేపు తోచలేదు. ఆ ఇంట్లో ఆ అవసరం ఇన్నేళ్లలో రాలేదు. కొట్టి ఒక చిప్ప దేవుడి ముందు పెట్టింది. రెండో చిప్ప తీసుకుని వంటింట్లోకి పోయింది. బళ్లారి బస్సు కంబదూరు దాటాక హర్షకు ఆకలేసి క్యారియర్ మూత తీశాడు. అన్నం పక్కన చట్నీ ఉంది. నిలబడిన టెంకాయ చట్నీ ఎలా ఉంటుందోనని జాగ్రత్తగా నాలుక మీద పెట్టుకుని చూశాడు. ఎప్పటిలాగే ఉంది, ఉప్పు కాస్త ఎక్కువైంది.