ఎవరూ వద్దనలేదు

రేణు పేరెత్తితే చాలు, మా ఆయన విశ్వనాథం గారు ఇప్పటికీ అదే మాట. "పాపం, మంచి పిల్ల. బిర్యానీ ఎంత బాగా చేసేదో!" నాకు ఒళ్ళు మండిపోతుంది. బిర్యానీ తప్ప చెప్పుకోవడానికి ఆ పిల్ల గురించి ఇంకేం మిగల్చలేదు మేం.

2007లో ఈ అమెరికాలో, బెంటన్‌విల్‌లో మా పై అపార్ట్‌మెంట్‌లోకి దిగారు రేణు, శ్రీధర్. ఇక్కడ మా అందరి మొగుళ్ళలాగే అతనూ సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టరే. ఆమెది హెచ్‌ఫోర్ వీసా, ఉద్యోగం చెయ్యకూడదు. డ్రైవింగ్ "వచ్చే నెల నేర్పిస్తా" అంటూనే రెండేళ్ళు గడిపేశాడు మహానుభావుడు. విజయవాడ పిల్ల. ఆరేళ్ళప్పుడే వాళ్ళ నాన్న కృష్ణలో దింపి ఈత నేర్పాడట. ఇంటర్‌కొచ్చేసరికి జిల్లా పోటీల్లో మూడు మెడల్స్.

"ఇక్కడ పూల్ ఉందిగా, దిగు" అన్నాను ఓసారి.

"అది పూలా హైమక్కా? నడుం లోతు. నాలుగు బారలేస్తే గోడ తగుల్తుంది" అని నవ్వింది.

తనివితీరా బారలు వెయ్యడానికి ఒక్కటే చోటు, కౌంటీ వాళ్ళ లేక్ పార్క్. కార్లో నలభై నిమిషాలు. తీసుకెళ్ళేవాడుంటేగా! ఏటా సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే సెలవులకి ఎనిమిది ఫ్యామిలీలం అక్కడికి క్యాంపింగ్‌కి వెళ్ళేవాళ్ళం. క్యాంపింగంటే ఏమనుకున్నారు? మగాళ్ళు టెంట్లు వేసి, బీర్లు తీసి, పేకముక్కలు పరిచి, మధ్యమధ్య లేక్‌లో దూకి వస్తారు. మేం ఇంట్లో చేసే చాకిరే చెట్టు కింద చేస్తాం. చిప్స్ తిని సరిపెట్టుకునే జాతి కాదుగా మాది. ముప్ఫై మందికి దమ్ బిర్యానీ, రైతా, మిర్చీ బజ్జీ. పక్క టెంట్లలో అమెరికన్లు రెండు సాసేజిలు కాల్చుకుని, పుస్తకం చదువుకుంటూ మమ్మల్ని వింతగా చూసేవాళ్ళు.

2008లో రేణు పంజాబీ డ్రెస్‌తోనే నీళ్ళలోకి దిగింది. నాలుగు అడుగులు వేసిందో లేదో, లైఫ్‌గార్డు పిల్ల విజిలేసింది. స్విమ్‌సూట్ ఉంటేనే దిగాలట, రూల్. తడిసిన చున్నీ కాళ్ళకి చుట్టుకుంటుంటే గట్టెక్కి వచ్చింది. అందరం పడీ పడీ నవ్వాం. నేనైతే మరీను. "కృష్ణా పుష్కరాలనుకున్నావటే?" అన్నాను. నా నోరు పడిపోను.

ఏడాదంతా ఆ పిల్ల మళ్ళీ ఈత మాటెత్తలేదు. చేతులు మోచేతుల దాకా, కాళ్ళు మోకాళ్ళ దాకా కప్పే నీలం స్విమ్‌సూట్ ఆన్‌లైన్‌లో వెతికి తెప్పించుకుంది. "ఇది వేసుకుంటే ఎవరూ ఏమీ అనరుగా అక్కా?" అని నాకు చూపించింది. గట్టు నుంచి, నీళ్ళలో హద్దుగా తెల్ల బుడగలు కట్టిన తాడు దాకా వెళ్ళి రావాలి, అంతే తన కోరిక. ఒక్కసారి.

2009 లేబర్ డే. పొద్దున్నే అందరి ముందూ శ్రీధర్ని అడిగింది, "నేను కాసేపు ఈతకి వెళ్ళనా?" అని. పేకాటవాళ్ళందరూ తలెత్తి చూశారు. అతను ముక్కల్లోంచి తలెత్తకుండా, "నేనేం వద్దన్నానా? హైమక్కని అడుగు, వంట సంగతేంటో" అన్నాడు.

రేణు నావైపు తిరిగింది. అందరిలోకీ పెద్దదాన్ని, మా గుంపులో ఆడవాళ్ళ సంగతి నా మాట మీదే నడిచేది. "వెళ్దువుగానిలే అమ్మా. ముందు ఆ ఉల్లిపాయలు తరుగు" అన్నాను.

తరిగింది. ఉల్లిపాయలయ్యాక చికెన్, చికెన్ అయ్యాక దమ్. ఆ ఎండలో గిన్నె పక్కనే నిలబడింది. వడ్డించింది. పిల్లలకి మళ్ళీ ఆకలన్నారు. మగాళ్ళకి బజ్జీలన్నారు. టీ అన్నారు. అడుగంటిన గిన్నె కుళాయి దగ్గర తోమి పెట్టేసరికి ఆరు కావస్తోంది.

చేతులు తుడుచుకుంది. ఎవర్నీ ఏమీ అడగలేదు. చున్నీ తీసి నా ఒళ్ళో పడేసి, చరచరా నీళ్ళ వైపు నడిచింది. గట్టు మీద పంజాబీ డ్రెస్ విప్పేస్తే లోపల నీలం స్విమ్‌సూట్. పొద్దున్నుంచీ వేసుకునే ఉంది.

గార్డు పిల్ల అప్పుడే కుర్చీ దిగి బోర్డు తగిలిస్తోంది. రేణు ఏదో బతిమాలుతుంటే కనిపించింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. ఆరింటితో క్లోజ్, ఈ సీజన్‌కి ఇదే ఆఖరు, మళ్ళీ వచ్చే మేలోనే.

తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది. ఆ సూట్ వీపంతా తడే. చెమట.

"అయ్యో, ముందే చెప్పొద్దూ? వచ్చే ఏడు వెళ్దువుగానిలే" అన్నారు అందరూ. ఆ వచ్చే ఏడు రాలేదు. ఫిబ్రవరిలో శ్రీధర్ కాంట్రాక్ట్ పోయింది, నెలలో సర్దుకుని ఇండియా వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ కుక్కరూ, మిక్సీతోపాటు ఆ సూట్ కూడా నాకే ఇచ్చింది. "మీ ఉజ్వల పెద్దయ్యాక పనికొస్తుంది అక్కా."

మా ఉజ్వలకి ఇప్పుడు పదిహేను. స్కూల్ స్విమ్ టీమ్‌లో ఉంది. మొన్న క్లాజెట్ సర్దుతుంటే ఆ నీలం సూట్ బయటపడింది. ఎవరిదని అడిగితే ఆ రోజు సంగతి చెప్పాను.

"అంకుల్ నో అన్నారా మమ్మీ?"

"లేదే. ఎవరూ వద్దనలేదు."

"దెన్ ఎందుకు వెళ్ళలేదు?"

ఆ పొద్దున ఉల్లిపాయల సంచీ అందుకోవడానికి రేణు వంగినప్పుడు, మెడ దగ్గర నీలం అంచు నాకు కనపడింది. నాకు ఈత రాదు. ఈ ఎండలో నేనొక్కదాన్నే చావాలా, ఇది మాత్రం అందరి ముందూ హాయిగా ఈదుతుందా అనిపించింది. చూసి కూడా, కత్తి నేనే చేతికిచ్చాను.